సంతకం పెట్టించే ముందు అమ్మాయిని చదవనివ్వండి

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ సీటుకు అడ్వాన్సు కట్టాం. అక్కడ క్రమశిక్షణ బాగుంటుందని అందరూ అంటున్నారు. ధర్నాల్లో పాల్గొననని, సంస్థ గురించి సామాజిక మాధ్యమాల్లో ఏమీ రాయనని హామీపత్రం ఇవ్వాలట. అమ్మాయి సంతకం పెట్టనంటోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలో చేరుతుందట. అక్కడ సంఘాలు, గొడవలు ఉంటాయని నా భయం. జూనియర్ కాలేజీలో ఉండగా హాస్టల్ భోజనం గురించి వాట్సాప్‌లో రాసి ప్రిన్సిపాల్ చేత మాటలు పడింది. ఈ నోటితో భవిష్యత్తు పాడుచేసుకుంటుందేమో. రెండింటిలో ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అయ్యా, మీరు అడిగింది కాలేజీల గురించే అయినా మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అమ్మాయి నోరు. ఒంగోలులో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే బాధ. ఆడపిల్లల తండ్రులు ఇంకాస్త గొంతు తగ్గించి అడుగుతారు. కాబట్టి ముందు ఆ భయం సంగతి చూద్దాం.

అన్నంలో పురుగులున్నాయని రాయడం నేరం కాదు. ప్రిన్సిపాల్ కోప్పడటం కేసు కాదు. కాలేజీ ఇచ్చే మెమోకు, పోలీసులు రాసే ఎఫ్ఐఆర్‌కు చాలా దూరం ఉంది. మెమో వల్ల పాస్‌పోర్టు ఆగదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు నింపే ధ్రువీకరణ పత్రంలో కేసుల గురించి అడుగుతారు, ఏ విశ్వవిద్యాలయమైనా బహిష్కరించిందా అని కూడా అడుగుతారు. మందలింపును బహిష్కరణ అనరు. ఒకవేళ రేపు ఏదైనా జరిగినా దాన్ని దాచిపెట్టడమే పెద్ద ప్రమాదం. ఉద్యోగాల్లో వివరాలు దాచిన వారి విషయంలో ఏం చేయాలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. చిన్న విషయాన్ని నిజాయతీగా రాసినవారికి దారి ఉంటుంది. మీ అమ్మాయి టీసీలో ప్రవర్తన గడి చూశారా? 'సంతృప్తికరం' అని ఉండి ఉంటుంది. అయితే ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది. ఇంట్లో ఇక దాన్ని ఎత్తకండి.

ఇప్పుడు ఆ హామీపత్రం. మీరు ఫోనులో ఫొటోలు తీసి పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. మీరు చదివారా? చదివి ఉంటే పదకొండో నిబంధన దగ్గర ఆగేవారు. 'సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే ఏ మాట, రాత, చిత్రం అయినా' అని ఉంది. అది భంగమో కాదో ఎవరు తేలుస్తారు? 'యాజమాన్యం నిర్ణయమే తుది' అని ఆ కిందనే ఉంది. విద్యార్థి సంజాయిషీ ఎన్ని రోజుల్లో వినాలి, ఎవరు వినాలి, వారి నిర్ణయం నచ్చకపోతే ఎవరికి చెప్పుకోవాలి? పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. పన్నెండో పేజీలో మాత్రం తల్లిదండ్రుల సంతకానికి రెండు చోట్లు వదిలారు.

ర్యాగింగ్ చేయనని, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఇచ్చే అఫిడవిట్ వేరు, ఇది వేరు. అది పిల్లలను కాపాడే కాగితం, కళ్లు మూసుకుని సంతకం పెట్టవచ్చు. ఈ రెంటినీ ఒకే కట్టలో కుట్టి ఇస్తారు, తండ్రులు ఒకే కలంతో గబగబా సంతకాలు చేసేస్తారు. ఇంకొక మాట. క్రమశిక్షణ నియమాలేమిటో ప్రవేశాలకు 60 రోజుల ముందే ప్రాస్పెక్టస్‌లో చెప్పాలని యూజీసీ నిబంధన ఉంది. అడ్వాన్సు కట్టించుకున్నాక చేతిలో పెట్టడం పద్ధతి కాదు.

నాకు కొన్నేళ్లుగా గుచ్చుకుంటున్న సంగతి చెబుతాను. క్రమశిక్షణ అనే మాట ఇప్పుడు అమ్ముడుపోయే సరుకైంది. అద్దాల భవనం, ఏసీ బస్సు, ముఖం చూసి తెరుచుకునే గేటు, అమ్మాయి బయటికి వెళితే నాన్న ఫోనుకు సందేశం. మన దగ్గర ఇంటర్ కాలేజీల్లో రెండేళ్లు తలుపులు మూసి చదివించారు, ఆ అలవాటును ఇంకో నాలుగేళ్లు పొడిగించడమే ఇది. ప్లేస్‌మెంట్ల పోస్టరు మీద ఇరవై ముఖాలు చూపిస్తారు, పోస్టరులో లేనివారు ఎందరో చెప్పరు. అదే ప్రశ్న అక్కడి విద్యార్థి బహిరంగంగా అడిగితే పదకొండో నిబంధన వర్తిస్తుంది. లక్షల ఫీజు కట్టిన తండ్రికి కాలేజీ గురించి నిజం చెప్పగలిగేది లోపల ఉన్న పిల్లలే. వారి నోరు కట్టేస్తే మోసపోయేది మీరే. ఈ దారి మీద నాకున్న అనుమానమంతా ఇదే. రోజులు గడిచేకొద్దీ అది బలపడుతోంది.

సింగరాయకొండ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఎక్కడ చదివాడో చెప్పను. హాస్టల్ నీళ్ల ట్యాంకులో చచ్చిన పావురాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. తండ్రిని రాత్రికి రాత్రి పిలిపించారు. ఆయన వార్డెన్ ముందే కొడుకు చెంప మీద కొట్టి, వాళ్లు చెప్పినట్టు క్షమాపణ లేఖ రాయించాడు. 'అసత్య ప్రచారం చేశాను' అని పిల్లవాడి దస్తూరీతోనే ఉంది. నెల తిరగకుండా ఆ లేఖనే సాక్ష్యంగా చూపి హాస్టల్ నుంచి పంపేశారు. నాలుగు మడతలు పెట్టిన ఆ జిరాక్స్ కాగితాన్ని నా బల్ల మీద విప్పుతున్నప్పుడు వాడు నా వైపు చూడలేదు, వాళ్ల నాన్న వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

మీరూ ఆ తండ్రిలాగే చేయబోతున్నారు. కోపం తెచ్చుకోకండి, కానీ ఇది మీకు చెప్పక తప్పదు. నీళ్లు బాగాలేవని చెప్పకూడదని నేర్పిన పిల్ల, రేపు ల్యాబులో ఎవరైనా చేయి వేస్తే చెబుతుందా? అన్నం గురించి మాట్లాడినందుకు తిట్టిన ఇంటికి అంతకంటే పెద్ద కష్టం వస్తే ఫోను చేస్తుందా? మీరు నోటి దురుసు అంటున్నది రేపు ఆమెను కాపాడే గుణం. మాట తీరు నేర్పండి, సాక్ష్యం పెట్టుకుని మాట్లాడమనండి, పేర్లు ఎత్తి తిట్టవద్దనండి. నోరు మూసుకోమనకండి. 1992లో దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు ఒక పాఠం చదివి లేచి సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమైంది. మన నెల్లూరు పల్లెలో అక్షరం వచ్చిన మొదటి రోజుల్లోనే మాట వచ్చింది. ఇంజినీరింగ్ చదివే పిల్లకు రాకూడదా?

ఇక మీరడిగిన పోలిక. ప్రభుత్వ విశ్వవిద్యాలయం రాజ్యాంగం దృష్టిలో ప్రభుత్వంలో భాగమే, కాబట్టి 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యాన్ని దాని మీద నేరుగా అడగవచ్చు. దానికి హద్దులున్నాయి. శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం లాంటివి. ప్రైవేటు సంస్థ మీద ఆ హక్కును అంత నేరుగా అడగలేం, అక్కడ మీరు సంతకం పెట్టిన కాగితమే ముందుకొస్తుంది. అలాగని ప్రభుత్వ క్యాంపస్‌లో అంతా స్వేచ్ఛేనని నమ్మించను. ఢిల్లీ జేఎన్‌యూ 2023లో తెచ్చిన నియమావళిలో తరగతి భవనాలకు వంద మీటర్ల లోపు ధర్నా చేస్తే 20,000 రూపాయల దాకా జరిమానా పెట్టారు. మీరు భయపడే సంఘాల విషయానికొస్తే, మన రాష్ట్రంలో విద్యార్థి సంఘ ఎన్నికలే దశాబ్దాలుగా లేవు. సంఘాలున్నాయి, గోడల మీద పోస్టర్లున్నాయి, ఎప్పుడో ఒకసారి బంద్ ఉంటుంది. చేరమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు.

ఎక్కడ చేరినా పనికొచ్చేది ఒకటుంది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లో, విద్యార్థుల అప్పీళ్లు వినే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఫీజు కోసం బెదిరించడం కూడా ఇందులో ఫిర్యాదు చేయదగినదే. హాస్టల్ నియమం మరీ అన్యాయమైతే కోర్టులూ వింటాయి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను ఇచ్చేయాలన్న నియమాన్ని ఒప్పుకోలేదని కోళికోడ్‌లో ఒక అమ్మాయిని హాస్టల్ నుంచి పంపేస్తే, తిరిగి చేర్చుకోమని కేరళ హైకోర్టు 2019లో ఆదేశించింది. ఆమె తండ్రి ఆమె పక్కనే నిలబడ్డాడు.

నా అభిప్రాయం అడిగితే అమ్మాయి కోరిన చోటే చేర్చండి. కంప్యూటర్ సైన్స్ పాఠాలు రెండు చోట్లా ఒకటే, మిగిలిన డబ్బు ఆమె పై చదువుకు ఉంటుంది. మీ మనసు ఆ ప్రైవేటు సీటు మీదే ఉంటే, సోమవారం వాళ్లకు ఈమెయిల్‌లో మూడు ప్రశ్నలు పంపండి. పదకొండో నిబంధన కింద నిర్ణయం ఎవరిది? సంజాయిషీకి ఎన్ని రోజులిస్తారు? మీ అంబుడ్స్‌పర్సన్ ఎవరు? ఫోనులో చెబుతామంటే ఒప్పుకోకండి, రాతపూర్వకంగా ఇమ్మనండి. జవాబు రాకపోతే సీటు రద్దు చేసుకుని, ఫీజు వాపసుకు యూజీసీ పెట్టిన గడువు దాటకముందే అడ్వాన్సు వెనక్కి అడగండి.

ఆ ఉత్తరం అమ్మాయి చేతే రాయించండి. మీరు పక్కన కూర్చుని చదివి, కింద మీ సంతకం కూడా పెట్టండి.