మాట తడబడినంత మాత్రాన పని రానట్టు కాదు

ఆటిజం ఉన్న యువత ఉద్యోగాల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు నిపుణుల జవాబులివి.

ప్రశ్న: మా బాబుకి 23 ఏళ్లు, ఆటిజం ఉంది. కంప్యూటర్ సైన్సులో బీటెక్ పూర్తిచేశాడు. ఆన్‌లైన్ పరీక్షలు గట్టెక్కుతున్నాడు గానీ ఇంటర్వ్యూ దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాడు. ఆటిజం సంగతి ముందే చెప్పేయాలా, దాచాలా?
– ఓ తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, పరీక్షలు గట్టెక్కుతున్నాడంటే బాబుకి పని వచ్చు. ఆగుతున్నది మాటల దగ్గర. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో హద్దు లేదు. కొందరు పుట్టిన ఊరి నుంచి ఎత్తుకుంటారు, కొందరు ఒక్క వాక్యంతో ముగించేస్తారు. జవాబు ముందు కాసేపు మౌనంగా ఉంటే తెలియదనుకుంటారు. కళ్లలోకి చూడకపోతే శ్రద్ధ లేదనుకుంటారు. ఈ రెండు అంచనాలూ తప్పే.

చెప్పడమే మంచిదని మా అభిప్రాయం. అయితే దరఖాస్తులో అక్కర్లేదు, ఇంటర్వ్యూ తేదీ ఖరారయ్యాక చెప్పండి. ‘ఆటిజం ఉంది’ అని రాసి వదిలేస్తే అవతలివాళ్లు తోచినట్టు ఊహించుకుంటారు. ఏం కావాలో కూడా రాయాలి. మూడు నాలుగు రోజుల ముందు హెచ్‌ఆర్‌కి ఇలా మెయిల్ పెడితే చాలు: ‘నాకు ఆటిజం ఉంది. ప్రశ్న విన్నాక జవాబుకి కొంచెం సమయం తీసుకుంటాను. వీలైతే ప్రశ్నలు రాసి చూపించండి. ఒకేసారి ఇద్దరు అడగకుండా చూడండి. గ్రూప్ డిస్కషన్ బదులు రెండు గంటల పని ఇచ్చి నన్ను పరీక్షించండి.’ ఆ మెయిల్ బాబు ఐడీ నుంచే వెళ్లాలి. మీరు రాస్తే, ‘రేపు ఆఫీసులో కూడా అమ్మే మాట్లాడుతుందా?’ అన్న అనుమానం వాళ్లకి వస్తుంది.

ఇంట్లో సాధన చేయించేటప్పుడు తన గురించి నిమిషంలో చెప్పగలిగేలా ఆరేడు వాక్యాలు రాయించండి: చదువు, చేసిన ఒక ప్రాజెక్టు, అందులో తాను రాసిన భాగం, తెలిసిన ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలు, చేయాలనుకుంటున్న పని. ప్రశ్న అస్పష్టంగా ఉంటే ‘మీరు అడిగేది ప్రాజెక్టు గురించా, చదువు గురించా?’ అని తిరిగి అడగడం నేర్పండి. నమూనా ఇంటర్వ్యూ మీరు చేయొద్దు. కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటేనే అసలు ఇబ్బంది ఎక్కడో బయటపడుతుంది.

ప్రయాణం సంగతి కూడా చూసుకోండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ మీ ఊళ్లోనే ఉన్నా, తెల్లవారుజామున రైలెక్కి, గుంపులో నిలబడి, విశాఖలో ఆటో బేరమాడి ఐటీ కంపెనీలుండే రుషికొండ చేరేసరికి ఓపికంతా హరించుకుపోతుంది. ముందురోజే వెళ్లి ఆ భవనం దాకా ఓసారి చూసి రానివ్వండి.

ప్రశ్న: మాది విజయనగరంలో చిన్న డేటా ప్రాసెసింగ్ ఆఫీసు. ఆటిజం ఉన్న ఒకమ్మాయిని తీసుకున్నాం. ఉదయం ఒక్క తప్పూ లేకుండా చేస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక చేయి ఆడదు. హఠాత్తుగా పని మారిస్తే బాగా కలవరపడుతుంది. ఏం చేయాలి?
– ఓ మేనేజర్

జవాబు: ఉదయం బాగా చేస్తున్నారంటే లోపం నైపుణ్యంలో లేదు. మిగతావాళ్లు పట్టించుకోని శబ్దం, వెలుతురు, పక్కవాళ్ల మాటలు కూడా ఆటిజం ఉన్న చాలామందిని గంటగంటకీ అలసిపోయేలా చేస్తాయి. దానికితోడు భోజనం వేళ అందరితో కలిసి నవ్వుతూ కూర్చోవడం ఆమెకి విశ్రాంతి కాకపోవచ్చు, అది ఇంకో పని.

ముందు ఆమె కుర్చీలో మీరు ఓ గంట కూర్చుని చూడండి. వెనక నుంచి మనుషులు తిరుగుతున్నారా? ప్రింటరో, టీ బల్లో దగ్గరగా ఉందా? గోడ మూలకి, వీపు వెనక నడక లేని చోటికి మార్చండి. మినుకుమనే పాత ట్యూబులైటు ఉంటే తీసేయండి. కరెంటు పోగానే కీచుమనే యూపీఎస్‌ని అందరూ మర్చిపోతారు. చాలా మోడళ్లలో ఆ శబ్దం ఆపేసే వీలుంటుంది, లేకపోతే యూపీఎస్‌ని ఆమెకి దూరంగా పెట్టించండి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఏసీ, ఫ్యాన్ల హోరుని బాగా తగ్గిస్తాయి. హఠాత్తుగా వచ్చే కేకల్ని, మాటల్ని అంతగా ఆపలేవు కాబట్టి అవి ఇచ్చేసి మన పని అయిపోయిందనుకోవద్దు. గంటన్నరకి ఓసారి పది నిమిషాలు ఒంటరిగా ఉండే విరామం ఇవ్వండి. భోజనం విడిగా చేస్తానంటే చేయనివ్వండి. తప్పు జరిగితే నష్టమయ్యే పనులు ఉదయానికి పెట్టండి.

ఇక పని చెప్పే తీరు. ‘ఇదోసారి చూసెయ్, కాస్త అర్జెంటు’ అంటే ఏం చూడాలి, ఎప్పటికి? ఇలా రాసివ్వండి: ‘ఈ ఫైలులో 200 వరుసలున్నాయి. పిన్‌కోడ్ లేని వరుసకి ఎరుపు రంగు వెయ్యి. వేరే ఏమీ మార్చొద్దు. నాలుగింటికి నాకు పంపు.’ పని మార్చక తప్పకపోతే చేస్తున్నది ఎక్కడ ఆపాలో, ఎక్కడ సేవ్ చేయాలో, కొత్తది ఏమిటో, పాతదానికి మళ్లీ ఎప్పుడు రావాలో నాలుగు ముక్కలు రాయండి. ఎక్కువగా కలవరపెట్టేది పాత పని ఏమైపోతుందో తెలియకపోవడమే. ఆమెకి పని చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి.

ఎప్పుడైనా తట్టుకోలేని స్థితి వస్తే చుట్టూ మూగొద్దు, పట్టుకోవద్దు, ‘ఏమైంది’ అని గుచ్చిగుచ్చి అడగొద్దు. నిశ్శబ్దంగా ఉన్న గది చూపించి వదిలేయండి. కారణం మర్నాడు మాట్లాడుకోవచ్చు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో టౌన్‌లో మైకులు, జనం ఎలా ఉంటారో మీకు తెలుసు. అప్పుడు ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించండి.

ప్రశ్న: ఆటిజం ఉన్నవారికి వైకల్య సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి? దానితో ఉద్యోగం వస్తుందా?
– పాఠకుడు, రాజాం

జవాబు: ఆటిజం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. రిజర్వేషన్‌కి 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ కావాలి. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్య నిర్ధారణ పరీక్ష) స్లాట్ అడిగేటప్పుడే, ఆ ఆసుపత్రిలో ఆ రోజు మానసిక వైద్య విభాగం చూస్తుందో లేదో కనుక్కోండి. ఆటిజం తీవ్రతని అంచనా వేయడానికి మన దేశంలో వాడే ఐఎస్ఏఏ కొలమానంలో 40 అంశాలుంటాయి, వాటన్నిటి మార్కులు కలిపి 70 అయితే 40 శాతం వైకల్యంగా లెక్కిస్తారు. పెద్దయ్యాక పరీక్షకి వెళ్లేవాళ్ల విషయంలో తేడా వచ్చేది ఇక్కడే. డాక్టరు చూసే ఆ కాసేపూ చక్కగా మాట్లాడేసి ‘నాకేం ఇబ్బంది లేదు’ అనేస్తారు. చిన్నప్పుడు చూసిన అమ్మో నాన్నో వెంట ఉండాలి. పాత వైద్య కాగితాలు, స్కూలు రిపోర్టులు, రోజూ ఎదురయ్యే ఇబ్బందులు రాసిన ఒక పేజీ తీసుకెళ్లండి. ఉన్నది ఉన్నట్టే రాయండి. ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ పేరు ఒకేలా ఉందో ముందే చూసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకి 4 శాతం కోటా. అందులో ఆటిజం ఉన్నవారికి విడిగా కాదు, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలు ఉన్నవారితో కలిపి 1 శాతం. ప్రైవేటులో కోటా లేదు. కానీ దివ్యాంగులకి సమాన అవకాశాలు ఎలా ఇస్తారో చెప్పే విధానం ప్రకటించడం అక్కడా తప్పనిసరి. చేరే ముందు దాని కాపీ అడగండి.

ప్రశ్న: మా పాపకి ఆటిజం. కోడింగ్ అసలు ఇష్టం లేదు. కంప్యూటర్ రంగంలో వేరే పనులుంటాయా?
– ఓ తండ్రి, నరసన్నపేట

జవాబు: ఉంటాయి. ఆటిజం ఉన్నవాళ్లందరూ కంప్యూటర్ మేధావులన్న మాట నిజం కాదు, దాని వల్ల పిల్లల మీద బరువే పెరుగుతుంది. జర్మనీకి చెందిన సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ 2013లో ఆటిజం ఉన్నవారి కోసం ప్రత్యేక నియామకాలు మొదలుపెట్టింది. తొలి అడుగులు పడినచోట్లలో బెంగళూరు ఒకటి. అక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వంటి పనులతో మొదలై తర్వాత చాలా విభాగాలకి విస్తరించింది. పాపకి బొమ్మల్లో తేడాలు పట్టడం ఇష్టమైతే ఇమేజ్ లేబులింగ్ (ఫొటోల్లో ఏముందో గుర్తించి పేర్లు పెట్టడం), పటాలు ఇష్టమైతే జీఐఎస్ డిజిటైజేషన్ (పటాల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం), అక్షరదోషాలు కంటపడితే ప్రూఫ్ రీడింగ్, డాక్యుమెంటేషన్ పనులు చూడండి. ఫీజు కట్టి కోర్సులో చేర్చే ముందు అలాంటి పని ఇంట్లోనే రోజుకి గంట చొప్పున రెండు వారాలు చేయించండి. రెండో వారంలో కూడా పిలవకుండానే వచ్చి కూర్చుంటే అప్పుడు చేర్చండి.