ఆంప్‌ల ట్రెబుల్ గీరుతుంటే

హన్మకొండ

చిరంజీవి శీనుకు,

నువ్వు కట్టిన టీడీఏ2030ఏ ఐసీ ఆంప్‌ల (సౌండ్ పెంచే బోర్డుల) స, ష అక్షరాలు చెవుల గుచ్చుతున్నయని రాసినవ్. ట్రెబుల్ (సన్నటి కీచు సౌండ్) నాబ్ తగ్గించి ఊకుంటే రోగం లోపల్నే ఉంటది. గీరుడు సౌండ్ పెంచితెనే వస్తుందా, తక్కువల గూడ ఉంటదా, పాట లేకున్నా ఐసీ కాలుతుందా అన్నది ముందు తేల్చుకో. బతుకమ్మ పాట పెట్టి విను, చప్పట్లల్ల లోపం జల్ది దొరుకుతది. ఫోన్ల ఈక్వలైజర్ బంద్ చెయ్యి. అదే స్పీకర్ వేరే ఆంప్‌కు కలిపినా గుచ్చితే నీ బోర్డును ఇప్పే పనే లేదు.

ఎంత సౌండ్ల విన్నా ఒక్కతీర్గనే ఉంటే, ట్రెబుల్ ఎక్కువైందని కాదు, బేస్ (బొంగురు సౌండ్) పోయిందని అనుమానపడు. ఇన్‌పుట్ కండెన్సర్ మీద 105, అంటే 1 మైక్రోఫారడ్ ఉండాలె. 104 (0.1) పెడితే, 22 కే రెసిస్టర్‌తోని 72 హెర్ట్జ్ దగ్గర్నే బేస్ పడిపోవుడు మొదలైతది. 103 (0.01) పెడితే 720 దాకా పోతది, ఇగ మిగిలేది గీరుడే. ఆడ బాక్స్ రకం పాలిస్టర్ కండెన్సర్ వెయ్యి, గోధుమరంగు సిరామిక్ బిళ్ల వద్దు. ఫీడ్‌బ్యాక్‌ల (ఔట్‌పుట్ నుంచి ఎనుకకు వచ్చే దారిల) 680 ఓమ్స్ కింద ఉన్న 22 మైక్రోఫారడ్ కండెన్సర్ గూడ చూడు. పొరపాటున 2.2 పడితే ఇదే కత. స్టీరియో అయితే తీగలు తారుమారైనా బేస్ పోతది, ఒక స్పీకర్ ప్లస్, మైనస్ తిప్పి పెట్టి విను.

పెంచినప్పుడే గీరితే అది క్లిప్పింగ్, అంటే సప్లై వోల్టు చాలక సౌండ్ అల తల తెగుడు. ఫీడ్‌బ్యాక్ 22 కే, 680 ఓమ్స్ ఉంటే గెయిన్ (సిగ్నల్ పెరిగే లెక్క) 33 రెట్లు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తోని లోడ్ మీద ప్లస్, మైనస్ 15 వోల్టుల దగ్గర ఉంటది, ఔట్‌పుట్ పీక్ 13 దాటదు. అంటే ఇన్‌పుట్‌ల 0.4 వోల్టుల పీక్ వచ్చెటాల్లకే తల తెగుతది, ఫోన్ అంతకంటె ఎక్కువనే ఇయ్యగలదు. 680 తీసి 1 కే పెట్టు, గెయిన్ 23కు దిగుతది. ఇంకా తగ్గిస్తే బాగుంటదనుకోకు. ఈ ఐసీకి కనీసం 24 డీబీ, అంటే 16 రెట్లు ఉండాలె. దాని కిందికి పోతే ఆసిలేషన్ (పాట లేకున్నా ఐసీ తనంతట తనే ఊగుడు) పట్టుకుంటది, అది క్లిప్పింగ్ కంటె పాడు.

పాట లేకున్నా హీట్ సింక్ కాలుతున్నా, ఔట్‌పుట్ దగ్గరి 1 ఓమ్ రెసిస్టర్ నల్లబడ్డా ఆసిలేషనే అనుకో. ఔట్‌పుట్ ఉండే 4వ కాలు నుంచి గ్రౌండ్‌కు 1 ఓమ్, 0.22 మైక్రోఫారడ్ సిరీస్‌ల ఉన్నయా చూడు. సప్లై వచ్చే 3, 5 కాళ్ల మొదట్లనే ఒక్కో 104, పక్కనే ఒక్కో 100 మైక్రోఫారడ్ ఉండాలె. రెండంగుళాల దూరంల ఉంటే లేనట్టే. స్పీకర్ గ్రౌండ్, ఇన్‌పుట్ గ్రౌండ్ వేర్వేరు తీగలతోని తెచ్చి పవర్ సప్లై పెద్ద కండెన్సర్ల నడిమ పాయింట్‌ల కలుపు.

సన్నటి సౌండ్లనే గరగర వచ్చి, పెంచితే తగ్గుతుంటే అది క్రాసోవర్ డిస్టార్షన్, అంటే అల పై సగం, కింది సగం కలిసే కాడ వచ్చే లోపం. దాన్ని ఆపే బయస్ (పాట లేనప్పుడు గూడ పారే కొద్ది కరెంట్) ఐసీల లోపల్నే ఉంటది, నీ చేతుల లేదు. ఐసీ డూప్లికేట్‌దేమో మార్చి చూడు. రేపు ట్రాన్సిస్టర్ సెట్ కడితే మాత్రం 0.22 ఓమ్స్ ఎమిటర్ రెసిస్టర్ మీద 5 మిల్లీవోల్టులు వచ్చేదాకా ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తోని తిప్పే చిన్న రెసిస్టర్) మెల్లగ తిప్పి, పది నిమిషాలు వేడెక్కినంక మళ్ల కొలువు.

ఇవన్నీ సరిగున్నా గుచ్చితే ట్వీటర్ (సన్నటి సౌండ్ స్పీకర్) వూఫర్ (బేస్ స్పీకర్) కంటె గట్టిది. 8 ఓమ్స్ ట్వీటర్‌కు దాని కండెన్సర్ అట్లనే ఉంచి, తర్వాత 2.2 ఓమ్స్ 5 వాట్స్ సిరీస్‌ల, ట్వీటర్ రెండు కొనల మీద 18 ఓమ్స్ అడ్డంగ పెట్టు. 3 డీబీ తగ్గుతది. పీజో ట్వీటర్ అయితే సిరీస్‌ల 47 ఓమ్స్.

ఐసీ మార్చేటప్పుడు వెనక మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ వాషర్ మర్చిపోకు. ఐసీ ట్యాబ్ (వెనక లోహపు రేకు) లోపల 3వ కాలుకే, అంటే మైనస్ సప్లైకే కలిసి ఉంటది. హీట్ సింక్ బాక్స్ గ్రౌండ్‌కు తగిలిందంటే నేరుగ షార్టే. మొదటిసారి మెయిన్స్ కరెంట్ సిరీస్‌ల పెట్టిన 60 వాట్స్ ఫిలమెంట్ బల్బు మీదికెళ్లి ఇయ్యి.

మీ పెద్దబాపు