అమ్మమ్మ వాళ్ల అమ్మది ఏ ఇంటిపేరు?

ప్రశ్న: మా అమ్మమ్మ తల్లి పుట్టింటి వివరాలు వెతుకుతున్నాను. పాత రికార్డులన్నిటిలో 'ఫలానా వారి భార్య' అనే ఉంది. డీఎన్‌ఏ పరీక్షతో తేలుతుందా?

జవాబు: పరీక్ష సంగతి తర్వాత. ముందు ఆవిడ పిల్లలందరి జనన, వివాహ, మరణ పత్రాలు తీయించండి. మీ అమ్మమ్మవి మాత్రమే తీస్తే చాలదు. ఒక గుమాస్తా ఖాళీగా వదిలేసిన గడిని మరొకాయన ఓపిగ్గా నింపి ఉండొచ్చు.

పెళ్లి రికార్డు దొరికితే నేను మొదట చూసేది సాక్షుల సంతకాలు. కిందెక్కడో గజిబిజిగా సంతకం పెట్టిన మనిషి పెళ్లికూతురి అన్నో, మేనమామో కావచ్చు. ఆ పేరు పట్టుకుని అదే కాలపు వీలునామాలు చూడండి. 'నా కుమార్తె, ఫలానా వారి భార్య' అని తండ్రి రాసి ఉంటే రెండు ఇళ్లూ ఒకే వాక్యంలో దొరికినట్టే! ఆస్తి తగాదాలు కూడా మనకి వరమే, కోర్టు కాగితాల్లో చుట్టరికాలన్నీ విప్పి చెబుతారు.

వయసుల్ని మాత్రం నమ్మకండి. జనాభా లెక్కల్లో 30, 40 అని ఉజ్జాయింపుగా వేసేవారు. మరణ పత్రంలోనైతే వివరాలు చెప్పిందెవరో చూడండి. అల్లుడికి అత్తగారి తల్లి పేరు ఎంతవరకు తెలుస్తుంది?

ఇక డీఎన్‌ఏ. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాల్లోని డీఎన్‌ఏ తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, కూతుళ్ల ద్వారానే ముందుకు సాగుతుంది. కానీ చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి, ఇద్దరికి సరిపోయినా వాళ్ల ఉమ్మడి అమ్మ వందల ఏళ్ల కిందటి మనిషి కావచ్చు. ఇంటిపేరు అది చెప్పదు.