గెడ్డ ఒడ్డు కోసుకుపోతోంది, సిమెంటు లేకుండా పేర్చే ఇంటర్‌లాకింగ్ బ్లాకుల గోడ నిలుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: గుణుపురం దగ్గర మీ ఇంటి వెనక గెడ్డ (కొండవాగు) ఏటా కొంత స్థలం కోసేస్తోంది, ఒడ్డు పది అడుగుల పైచిలుకు ఎత్తు ఉంది. రాతి కట్టు బదులు ఒకదాన్నొకటి పట్టుకునే కాంక్రీట్ బ్లాకులు పేరుస్తానని, వారంలో పనైపోతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. నమ్మొచ్చా?

నిలుస్తుందండి. కాకపోతే దాన్ని నిలబెట్టేది బ్లాకు కాదు, దాని వెనకా కిందా చేసే పని. ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో సైట్ సూపర్‌వైజర్‌గా ఇలాంటి గోడలు కట్టించాను, పడిపోయినవీ చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పెద్ద బ్లాకు ఒకటి 1.6 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల వెడల్పు, 0.8 మీటర్ల ఎత్తు ఉంటుంది. బరువు దాదాపు 2.4 టన్నులు. పైన ఉబ్బెత్తు గుబ్బలు, అడుగున వాటికి సరిపడే గుంటలు. గుబ్బ చేసే పని ఒక్కటే, పై వరస కింది వరస మీద జారకుండా ఆపడం. గోడ మొత్తం ముందుకు ఒరిగిపోతుంటే గుబ్బ ఏమీ చెయ్యలేదు, అక్కడ ఆదుకోవలసింది బరువూ వెడల్పే. మీ కాంట్రాక్టర్ 80 సెంటీమీటర్ల మందంతో నాలుగు వరసలు నిలువుగా పేరుస్తానంటే ఒప్పుకోకండి. 3.2 మీటర్ల ఆ ఎత్తులో, వెనక మట్టి పొడిగా ఉన్నా సరే, ఒరగకుండా ఆపేంత బరువు ఆ మందానికి రాదు. కింది రెండు వరసల బ్లాకులనైనా అడ్డంగా తిప్పి, గోడ అడుగున వెడల్పు 1.6 మీటర్లు చేయించండి.

ఇక నీటి సంగతి. అంతా అక్కడే ఉంది. అదే ఎత్తు గోడను వెనకున్న మామూలు మట్టి మీటరు పొడవుకు సుమారు 3 టన్నుల బలంతో తోస్తుంది. ఆ మట్టిలో పైదాకా నీరు నిండి, బయటికి దారి లేకపోతే తోపు 7 టన్నులకు దగ్గర పడుతుంది. వరద ఉన్నంతసేపూ ఏటి నీరు కూడా ముందు వైపు నుంచి గోడను ఆనుకుని ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. మన గెడ్డలు కొండల మీంచి వచ్చేవి, ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగా తీస్తాయి. గోడ ముందున్న నీరు దిగిపోతుంది, వెనక మట్టిలోది మిగిలిపోతుంది. గోడకు గండం అప్పుడు.

పర్లాకిమిడి వైపు మహేంద్రతనయ ఒడ్డున ఒక రైసు మిల్లు వెనక సరిగ్గా ఇలాగే అయింది. ఏరు నిండుగా ఉన్నన్నాళ్ళూ చెక్కుచెదరని గోడ, నీరు తీశాక ఒరిగింది. విప్పి చూస్తే, పునాది తవ్వినప్పుడు వచ్చిన బంకమట్టినే కట్టినవాళ్ళు తిరిగి వెనక పోసేశారు. బ్లాకులకు మాత్రం గీత కూడా పడలేదు. హైడ్రా క్రేన్‌తో ఎత్తి అవే మళ్ళీ పేర్చాం. ఈ రకం గోడలో నాకు నచ్చేది ఇదే, రాతి కట్టు కూలితే మిగిలేది గుట్టే.

కాబట్టి గోడ వెనక కనీసం అడుగు మందాన మెటల్, అంటే కంకర రాయి, పోయించండి, డస్ట్ కలవని శుభ్రమైన మెటల్. మెటల్‌కీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ, పరిపించాలి. లేకపోతే మట్టి మెటల్‌లోకి చేరి దారి మూసేస్తుంది, లేదా బ్లాకుల సందుల్లోంచి కొట్టుకుపోయి పెరట్లో గొయ్యి పడుతుంది. ఆ గుడ్డ ఖర్చు మొత్తం పనిలో ఏపాటిది? అయినా కాంట్రాక్టర్లు మొదట మిగుల్చుకునేది దాన్నే.

పునాది విషయంలో బేరం పెట్టకండి. 2017 జూలైలో నాగావళి తెరువలి దగ్గర రైలు వంతెననే పట్టుకుపోయింది, మన గోడ దానికో లెక్కా! గెడ్డ అడుగు ఎక్కడిదాకా కోసుకుంటుందో దానికి ఇంకా కిందకి మొదటి వరస దిగాలి. దాని ముందు గేబియన్లు, అంటే వైరు మెష్ పెట్టెల్లో రాళ్ళు, పరిపించాలి. కింద ఇసక కోసుకుపోయినా అవి వంగి అందులో కూర్చుంటాయి, గోడ కాలు బయటపడదు.

ఇంట్లోకి వరద రాకుండా కూడా ఈ గోడే ఆపుతుందా అన్నారు. ఆపదు. సందుల్లోంచి నీరు వస్తుంది, నిజానికి రావాలి కూడా. నీరు ఆపాలంటే బంకమట్టి కట్టో నీరు చొరని షీటో వేరే కావాలి, అది వేరే పని.

పని మొదలెట్టేముందు అమీన్‌తో (భూమి కొలిచే సర్వేయరుతో) హద్దు కొలిపించుకోండి. గెడ్డలోకి జరిగి కట్టారంటే ప్రవాహం అవతలి ఒడ్డు మీద పడుతుంది, అవతలివాళ్ళు ఊరుకోరు. హైడ్రా అంచుదాకా వచ్చే దారి ఉందో లేదో చూడండి. బూమ్ (క్రేన్ చెయ్యి) చాపేకొద్దీ అది ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది, 2.4 టన్నులంటే తమాషా కాదు. దారి లేకపోతే మొత్తం గేబియన్లతోనే కట్టించుకోవడం మేలు.

ముందు ఒక చోట గొయ్యి తీయించి, అడుగున ఇసక తగిలిందో, మొరం తగిలిందో, రాయి తగిలిందో ఇక్కడ రాయండి. పునాది ఎంత లోతు దిగాలో అప్పుడు చెప్పుకుందాం.