ఇంటి పచ్చళ్ల వ్యాపారానికి ట్రేడ్‌మార్కు అవసరమా? రిజిస్టరు చేయిస్తే ఇక ఎవరూ పేరు కాపీ కొట్టలేరా?

తీసుకోండి, తప్పు లేదు. కానీ నన్నడిగితే ఆ సర్టిఫికెట్టు కన్నా మీ పాత బిల్లుల కట్టకే విలువ ఎక్కువ. మా లాయరు గారు ఈ మాట ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఆయన ఫీజు ఏం కావాలి?

మాది తెనాలి. నాన్న 1996లో అమ్మ పేరుతో పచ్చళ్లు, కారప్పొడులు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ ఊసే ఎవరికీ లేదు. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. ఆ పేరు తమదట, 2011లోనే రిజిస్టరయిందట, పదిహేను రోజుల్లో సీసాల మీద నుంచి తీసేయకపోతే నష్టపరిహారానికి దావా వేస్తారట. నాన్న రెండుసార్లు చదివి, "ఇప్పుడు మీ అమ్మకు పేరు మార్చమంటారా ఏమిటి?" అన్నారు.

లాయరు గారు ముందుగా ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వాళ్ల దరఖాస్తు వెతికి తీశారు. అది ఎవరైనా చూడవచ్చు. ఎప్పటి నుంచి వాడుతున్నారన్న చోట "ఇకముందు వాడదలిచాం" అని ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. వాళ్ల దరఖాస్తు తేదీకి ముందే మీరు అమ్మినట్టు రుజువులు తెండి, మిగతాది నేను చూసుకుంటానన్నారు.

ఇల్లంతా కలిసి అటక దించాం. ఊరగాయ జాడీల వెనక ఒక ట్రంకుపెట్టె, అందులో శివకాశి ప్రెస్సు వాళ్లు లేబుళ్లకు ఇచ్చిన బిల్లులు, బస్సు పార్సిలు రసీదులు. అసలు కావలసిన బిల్లులో తేదీ ఉన్న మూలను సరిగ్గా చెదలు తినేశాయి! నాన్న తల పట్టుకున్నారు. లాయరు గారు మాత్రం ఆ బిల్లు పైన ఉన్న ఏపీజీఎస్టీ నెంబరు, అంటే రాష్ట్రపు పాత అమ్మకపు పన్ను నెంబరు మీద వేలు పెట్టారు. 2005 ఏప్రిల్‌లో దాని స్థానంలో వ్యాట్ వచ్చింది కాబట్టి ఈ బిల్లు అంతకు ముందుదేనని వాదించవచ్చట. దానికి తోడు పాత లేబులు మీద మా ఫోను నెంబరు ఐదంకెలే. ఆవనూనె మరక పట్టిన ఆ లేబులును ఆయన ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న తీరు చూస్తే పెళ్లినగ అనుకుంటారు.

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలో 34వ సెక్షన్ చెప్పేది ఇదే. రిజిస్టరు చేయించుకున్నవాడి వాడకానికీ, రిజిస్ట్రేషన్ తేదీకీ కూడా ముందు నుంచే మీరు పేరును ఆపకుండా వాడుతూ వస్తే, అతను మిమ్మల్ని అడ్డుకోలేడు. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు కూడా, ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉన్నా ముందు నుంచి వాడుతున్నవారి హక్కే పైచేయి అంది. మేం బిల్లుల నకళ్లు జతచేసి జవాబు పంపాం. ఆ కంపెనీ నుంచి మళ్లీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. వాళ్ల రిజిస్ట్రేషన్ రద్దు చేయించమని కొందరు సలహా ఇచ్చారు. ఆ పంచాయితీలు వినే అప్పిలేట్ బోర్డును 2021లో ఎత్తేశాక, ఇక రిజిస్ట్రీ చుట్టూనో హైకోర్టు చుట్టూనో తిరగాలి. ఆవకాయ కలుపుకునేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? నిజాయితీగా సమాంతరంగా వాడుతున్నవారికి కూడా పేరు ఇవ్వవచ్చని 12వ సెక్షన్ ఉంది. దాని కింద మేమూ దరఖాస్తు చేశాం, వచ్చింది.

ఆ సర్టిఫికెట్టు ఒక్కచోట అక్కరకొచ్చింది. ఎవరో మా ఫొటోలతోనే సామాజిక మాధ్యమంలో పేజీ తెరిచి, అడ్వాన్సులు వసూలు చేసి మాయమయ్యారు. అంతకుముందు ఎన్ని ఫిర్యాదులు పెట్టినా యంత్రం జవాబులే వచ్చేవి. రిజిస్ట్రేషన్ నెంబరు జతచేశాక పేజీ తీసేశారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ మాకే ఫోను చేసి తిడతారు, అది వేరే బాధ.

ఇంకొక తలనొప్పి పేర్లు. ఏ వీధిలో చూసినా స్వగృహ, అమ్మమ్మ, పల్లెరుచులు. అలాంటి పేరు పెట్టుకుని, పక్కవాడు కాపీ కొట్టాడని ఏడిస్తే ఎవరు వింటారు? "గుంటూరు గోంగూర పచ్చడి" లాంటివైతే సరుకునే వర్ణిస్తాయి కాబట్టి 9వ సెక్షన్ కింద రిజిస్ట్రీయే అభ్యంతరం చెబుతుంది. సరుకుతో సంబంధం లేని పేరు వెతుక్కోండి.

ఖర్చు సంగతి: వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో సరుకుల తరగతికి 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ తరగతి, మసాలాలు 30. రెండూ అమ్మితే రెండు ఫీజులు. మీ దరఖాస్తు రిజిస్ట్రీ వాళ్ల జర్నల్‌లో పడ్డాక 4 నెలల పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ సమయంలో ఏవేవో సంస్థల పేరుతో డబ్బు కట్టమంటూ ఉత్తరాలు వస్తాయి, చించి పారేయండి. రిజిస్ట్రేషన్ చేతికి వచ్చేదాకా సీసాల మీద పేరు పక్కన టీఎం (ట్రేడ్‌మార్కు) అనే వేయించండి. రిజిస్టరయిందని చెప్పే గుర్తు, అంటే సున్నాలో ఆర్ అక్షరం, ముందే అచ్చు వేయిస్తే 107వ సెక్షన్ కింద 2024 దాకా మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉండేది, ఇప్పుడు జైలు తీసేసి జరిమానా పెట్టారు. మా ఊళ్లో సగం సీసాల మీద ఆ గుర్తు ఉంది, వాళ్లలో ఎందరికి రిజిస్ట్రేషన్ ఉందో వెబ్‌సైటులో మీరే వెతుక్కోండి.