గ్యారేజీకి రెండు రెక్కల చెక్క తలుపులు: దేవరకొండ తమ్ముడి సందేహం

"అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నాం. గ్యారేజీకి ఉన్న పైకి లేచే తలుపు తీసేసి, మా తాత ఇంటి పెద్ద దర్వాజలాగా రెండు రెక్కలు బయటికి తెరుచుకునే చెక్క తలుపులు చేయించాలని ఉంది. ఒక వర్క్‌షాప్ వాళ్లు సగం డబ్బు ముందే కట్టమంటున్నారు. కట్టమంటావా?"

ఇప్పుడే కట్టకు తమ్మీ. తలుపులు వద్దని చెప్పడం లేదు. మాది వనపర్తి వైపు, నేను కూడా అదే ఆశతో చేయించుకున్నాను. పొద్దున రెండు రెక్కలూ తెరిచి నిలబడితే ఇంటి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. కానీ డబ్బు కట్టేముందు చూడాల్సినవి తలుపు బొమ్మలో కనిపించవు, నీ ఇంటి దగ్గరే ఉంటాయి.

మన పెద్ద దర్వాజ లోపలికి తెరుచుకుంటుంది. వాకిట్లో బండి ఉన్నా, వడ్లు ఆరబోసినా దానికి అడ్డం లేదు. నువ్వు చేయించేది బయటికి తెరుచుకుంటుంది. గ్యారేజీ వాకిలి 9 అడుగుల వెడల్పు ఉంటే ఒక్కో రెక్క నాలుగున్నర అడుగులు. అంటే తలుపు ముందు కనీసం ఐదు, ఆరు అడుగుల నేల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. టేపు పట్టుకుని కొలిచి సుద్దతో గీత గియ్యి. మీ కారు ఆ గీతకు అవతల పూర్తిగా పడుతుందా, లేక వెనక భాగం ఫుట్‌పాత్ మీదికి వస్తుందా చూడు. డ్రైవ్‌వే గ్యారేజీ నుంచి రోడ్డు వైపు దిగుతూ ఉంటే మంచిది. ఎక్కుతూ ఉంటే రెక్క తెరిచినప్పుడు కింది అంచు నేలకు రాసుకుంటుంది. ఇక మంచు. పైకి లేచే తలుపైతే ముందు అడుగు మంచున్నా తెరుచుకుంటుంది. ఇది తెరుచుకోదు. పక్క తలుపులోంచి బయటికొచ్చి, పార పట్టి మంచు తీశాకే తలుపు తీయాలి. జనవరిలో తెల్లవారుజామున డ్యూటీకి పోయేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క మాట మీదే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

నేల సరిపోతే, తర్వాత గుంజలు. నేను నష్టపోయింది ఇక్కడే. ఊళ్లో దర్వాజ చౌకట్ గోడ కట్టేటప్పుడే నిలబెడతారు, గోడతో పాటు బలంగా కూర్చుంటుంది. ఇక్కడ గ్యారేజీ వాకిలి పక్కన నీకు కనిపించే తెల్ల చెక్క చాలాసార్లు అందం కోసం అంచును కప్పే సన్నటి ట్రిమ్ పలక మాత్రమే. పైకి లేచే తలుపు బరువును పట్టాలు, స్ప్రింగ్ మోస్తాయి కాబట్టి ఆ పలకతో పనైపోతుంది. రెండు రెక్కల తలుపు అట్లా కాదు, బరువంతా పక్కకు వేలాడుతుంది. 7 అడుగుల ఎత్తు, నాలుగున్నర అడుగుల వెడల్పు, రెండుంపావు అంగుళాల మందం ఉన్న రెక్కను నిండు చెక్కగా లెక్కేస్తే సెడార్ అనే తేలిక కలప అయినా దాదాపు 60 కిలోలు, మహోగని అనే బరువు కలప అయితే 90 దాటుతుంది. నా తలుపులు బిగించినవాళ్లు బందుల స్క్రూలను ఆ ట్రిమ్‌లోకే దించారు. రెండో ఏడు ఎడమ రెక్క కిందికి జారి నేలను గీకడం మొదలైంది. మళ్లీ అంతా విప్పి, గోడ లోపలి నిలువు చెక్కలకు (స్టడ్లు) ఆనించి గట్టి గుంజలు వేయించి, బేరింగ్ బందులు పెట్టించాల్సి వచ్చింది. చేసిన చెక్కపనిలో తప్పు లేదు, నిలబెట్టిన చోటే తప్పు. ముఖం మీద కనిపించే నల్లటి పొడుగు ఇనుప పట్టీలు చాలా తలుపులకు అలంకారమే. బరువు మోసే బందులు ఏవి, ఒక్కో రెక్కకు ఎన్ని, ఎన్ని కిలోలకు చేసినవి అని విడిగా అడుగు.

వాకిలి 16 అడుగులదైతే రెండే రెక్కలు పెట్టకు. ఎనిమిది అడుగుల రెక్క తన బరువుకే వంగుతుంది. మధ్యలో స్తంభం వేసి రెండు జతలుగా చేయించు.

చెక్క సంగతి. పాలమూరు ఇళ్లలో ఎండాకాలం సందు కనిపించే తలుపు వానలు పడ్డాక భుజంతో నెడితే గానీ పడదు, నీకు తెలుసు. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. న్యూజెర్సీ ఎండాకాలం తేమ ఎక్కువ, చలికాలం గాలి పొడి. కాబట్టి తలుపు చట్రంగా ఉండి, లోపలి పలకలు గాడిలో కదిలేలా ఉండాలి. చట్రం మూలల్లో ఒక చెక్క చివర నాలుకలా చెక్కి రెండో దాని రంధ్రంలో దించిన అతుకు ఉందో లేదో అడుగు. మన వడ్లాయన దర్వాజకు వేసేది అదే అతుకు. మేకులు, జిగురు మీద నిలబెట్టిన మూల ఇంత బరువుకు ఆగదు. సెడార్ తేలిక, త్వరగా కుళ్లదు, కానీ మెత్తన, గోరుతో గీత పడుతుంది. మహోగని స్థిరంగా ఉంటుంది, బరువెక్కువ, ధర ఎక్కువ. నేనైతే సెడార్ అంటాను.

వార్నిష్ కానీ పెయింట్ కానీ ఆరు వైపులా పడాలి. ముందు, వెనక, రెండు పక్కలు, పైఅంచు, కింది అంచు. కింది అంచు ఎవరికీ కనిపించదు, నీళ్లు మాత్రం అక్కడి నుంచే ఎక్కుతాయి. బందుల కోసం చెక్కిన చోట, తాళం కోసం వేసిన రంధ్రంలో కూడా బ్రష్ తగలాలి. తలుపు వేలాడదీశాక కింది అంచుకు బ్రష్ పట్టదు కాబట్టి నువ్వే నిలబడి ముందే చేయించు. చెక్క రంగు కనిపించే వార్నిష్ అయితే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పూయాలి. పెయింట్ ఎక్కువ కాలం ఆగుతుంది. ఈ పని మన వల్ల కాదు అనిపిస్తే, చెక్క తలుపులా కనిపిస్తూ పైకి లేచే తలుపులు దొరుకుతాయి. వాటిలో చిన్నతనమేమీ లేదు.

రిమోట్‌తో తెరవాలంటే మామూలు మోటరు నేరుగా పనిచేయదు. ఒక్కో రెక్కకు చెయ్యిలాంటి మోటరు కావాలి, లేదంటే మామూలు మోటరుకు ప్రత్యేకమైన కిట్ కలపాలి. మధ్య సందు మూసే పట్టీ ఉన్న రెక్క రెండోదాని తర్వాత మూసుకోవాలి, ఆ వరస మోటరుకు చెప్పి పెట్టాలి. పిల్లలున్న ఇల్లయితే అడ్డం తగిలితే ఆగే సెన్సర్ లేకుండా మోటరు బిగించనివ్వకు.

ఇప్పుడు డబ్బు. నీ కొలతకు చేసిన తలుపును ఇంకొకరికి అమ్మలేరు కాబట్టి వాళ్లు అడ్వాన్స్ అడగడం న్యాయమే. అయితే సగం కట్టేముందు మీ కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని అనుమతి, టౌన్‌షిప్ వాళ్ల మాట కాగితం మీద తీసుకో. తలుపు డ్రాయింగ్ మీద కొలతలు, రెక్కలు తెరుచుకునే దిక్కు, బందుల చోటు చూసి సంతకం చెయ్యి. డబ్బులో చివరి భాగం తలుపు బిగించి, తెరిచి మూసి చూశాకే ఇస్తామని ఒప్పందంలో రాయించు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: అక్కడ ఇంటి పని కాంట్రాక్టరు అడ్వాన్స్‌గా ఒప్పందం మొత్తంలో 10 శాతం లేదా 1000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. వారంటీలో చెక్క ఎంత వంగితే లోపంగా ఒప్పుకుంటారో ఉంటుంది, ముదురు రంగు వేస్తే వర్తించదని కూడా కొందరు రాస్తారు. రంగు ఎంచుకునే ముందే అది చదువు.

పాత తలుపు పైన ఉన్న స్ప్రింగ్ జోలికి మాత్రం నువ్వు పోకు. బిగించి ఉన్న ఆ స్ప్రింగ్ వదిలితే మనిషి చెయ్యి పోతుంది. ఆ పని తెలిసిన మనిషిని పెట్టి తీయించు.

ఈ శనివారం నేల కొలిచి గీత గియ్యి. గుంజలు చూడాలంటే ట్రిమ్ ఒక మూల విప్పాలి. కానీ మీ ఇల్లు 1978కి ముందుదైతే పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా గీకకు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. విప్పాక లోపల ఏముందో ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.