ఛార్జీ తగ్గితే గిరాకీ పెరుగుతుంది కదా, డ్రైవరుకు నష్టమేమిటి?

విజయనగరం రైల్వే స్టేషన్ నుంచి కంటోన్మెంటుకు యాప్‌లో ఆటో ఛార్జీ 100 రూపాయలనుకుందాం. 20 శాతం కమీషనూ, 35 రూపాయల ఇంధనమూ పోగా డ్రైవరుకు 45 మిగులుతాయి. ఛార్జీని 80కి తగ్గిస్తే, ఇంధనం ఖర్చు తగ్గదు కాబట్టి మిగిలేది 29 మాత్రమే. పాత సంపాదన నిలవాలంటే ట్రిప్పులు సగానికి పైగా పెరగాలి. షేర్ ఆటోలు దండిగా తిరిగే మన ఊళ్లో అది చాలా కష్టం, పైగా ఖాళీగా తిరిగొచ్చే ఖర్చూ డ్రైవరుదే.

పెట్టుబడిదారుల సొమ్ముతో నష్టాన్ని భరించగల కంపెనీ, ఇలాగే ఛార్జీలు తగ్గించి స్టాండు ఆటోలను పోటీ నుంచి బయటికి నెట్టగలదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం 4వ సెక్షన్ దీన్ని నిషేధిస్తుంది గానీ, ఆ కంపెనీకి మార్కెట్లో ఆధిపత్యం ఉందని ముందు తేలాలి. బెంగళూరులో ఓలా ఇలా ఛార్జీలు తగ్గించిందన్న ఫిర్యాదుల కేసులో, ఆ కంపెనీకి ఆధిపత్యం లేదని 2017లో ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ నిర్ణయించింది. అందుకే కనీస ఛార్జీని ప్రభుత్వమే కట్టుదిట్టంగా అమలు చేయాలని నా అభిప్రాయం.